పొనికి చేతికర్రకు రెజిన్ పట్టిస్తే మనిషి బరువు ఆగుతదా?

కొత్త ఉలి: నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలిక, చెక్కుడు సులువు. 36 అంగుళాల పొడుగు, 25 మి.మీ. మందంతో చేతికర్ర చేసి రెజిన్ (ఆరినంక ప్లాస్టిక్ లెక్క గట్టిపడే ద్రవం) తాపిస్తే ముసలోళ్లకు ఇయ్యొచ్చా?

బాడిస: ఇయ్యొద్దు. బొమ్మ మీద ఎవరూ ఒరగరు. రెజిన్‌తోని గోటి నొక్కు పడదు, నీళ్లు తాగదు, అంతవరకు మంచిదే. వంపుకు ఆగేది మాత్రం కర్ర నార. రెజిన్ నిండినంక కొంత బలం పెరిగినా పెళుసుదనం వస్తది, కిర్రుమనకుండనే పుటుక్కుమంటది.

గాలిపంపు: బ్రష్‌తో పూసినోళ్ల మాట అది. పక్క నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగదు. వాక్యూమ్ పెట్టాలె, అంటే మూత బిగించిన డబ్బాల పంపుతోని గాలి గుంజాలె. ముందు 105 డిగ్రీల దగ్గర, తూకం ఇంక తగ్గనంతదాక ఎండబెట్టాలె. తేమ ఉన్న జాగల రెజిన్ పోదు. పూర్తిగా చల్లార్చాలె, వేడి కర్ర తగిలితే రెజిన్ అక్కడనే గట్టిపడుతది. వేడితో గట్టిపడే మెథాక్రిలేట్ రెజిన్ల ముంచి, తేలకుండ బరువు పెట్టి, బుడగలు ఆగేదాక పంపు నడపాలె. అసలు తాగేది పంపు ఆపి డబ్బాలకు గాలి మళ్ల వదిలినంక. పంపు నడిచినదానికి రెండింతల సేపు అట్లనే నాననియ్యాలె. ఆఖరికి పల్చటి అల్యూమినియం రేకు చుట్టి, 90–95 డిగ్రీల దగ్గర నడుమ దాక వేడెక్కించాలె.

బాడిస: అన్నా, 36 అంగుళాలు పట్టే ఓవెన్ ఎవరింట్ల ఉంది? పీవీసీ గొట్టంల నానబెట్టొచ్చు, దాంట్లనే వేడి చేస్తే గొట్టం మెత్తబడుతది. నడుమ ఉడకకపోతే తర్వాత జిగట కారుతది.

కొత్త ఉలి: నిలువున చీల్చి, నడుమ 8 మి.మీ. ఫైబర్‌గ్లాస్ కడ్డీ అతికిస్తే?

కంకబొంగు: వంగకుండ ఆపే బిగువు మందానికి నాలుగో ఘాతం లెక్క పెరుగుతది. 25 మి.మీ.ల 8 మి.మీ. అంటే ఆ లెక్కల నూరో వంతు. కడ్డీ కర్రకన్న పదింతలు బిగువున్నా పదో వంతే కలుస్తది. విరిగినప్పుడు రెండు ముక్కలు విడిపోకుండ పట్టుకుంటది, అది కొట్టిపారేసేది కాదు. బలం కావాల్సింది పైపొరల: నారలు పొడుగునా ఉండేటట్టు గాజునార గుడ్డ చుట్టి ఎపాక్సీ పట్టించాలె. ఎల్‌వై 556 అనే ఎపాక్సీకి హెచ్‌వై 951 అనే హార్డెనర్ (గట్టిపరిచే మందు) అయితే తూకంల 100కి 10. తొందర ఆరుతదని హార్డెనర్ ఎక్కువ పోస్తే మెత్తగనే మిగులుతది. సాండ్‌పేపర్ కొట్టేటప్పుడు మాస్క్ తప్పదు.

గాలిపంపు: గుడ్డ చుట్టినంక పొనికి అందం ఎక్కడ కనవడుతది?

బాడిస: అందం పిడిల చూపెట్టు. ఐదంగుళాల ముక్క నీ వాక్యూమ్ డబ్బాల పడుతది, చిన్న ఓవెన్ల ఉడుకుతది. వంట చేసే ఓవెన్ మాత్రం వద్దు. మనిషి బరువు మోసే కింది కర్రకు బోలు లేని గట్టి కంక (వెదురు) తీసుకో. దాని కొసను పిడిలకు కనీసం 40 మి.మీ. దించు, పిడి మొదట్ల ఇత్తడి పట్టీ వెయ్, లేకపోతే అక్కడనే చీలుతది.