ముసలి కుక్కకి కుషింగ్స్ మందు మొదలెట్టాలా, వదిలేయాలా?

కాలవగట్టు (అమలాపురం):
మా టామీ ల్యాబ్రడార్, 12 ఏళ్లు, 30 కిలోలు. రెండు నెలలుగా ఒకటే దాహం. అర్ధరాత్రి లేచి అరుగంతా తడిపేస్తున్నాడు. పొట్ట కుండలా వేలాడుతోంది, రెండు డొక్కల మీదా జుట్టు ఊడింది. డాక్టరుగారు కుషింగ్స్ అనుమానమన్నారు, ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువవడమట. ఖాయమైతే జీవితాంతం ట్రైలోస్టేన్ వాడాలట. నాన్నగారేమో "ముసలాణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వండ్రా" అంటున్నారు.

కొబ్బరిమట్ట (పాలకొల్లు):
నాన్నగారి మాటే నాదీనండి. నూటికి 80కి పైగా కేసుల్లో మూలం మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. ఈ మందు దాన్ని కరిగించదు, కార్టిసాల్‌ని తగ్గిస్తుందంతే. మోతాదు ఎక్కువైతే వాంతులు, నీరసం, కూలబడిపోతుంది. ఆ వయసులో ఎందుకొచ్చిన టెన్షన్?

గోదారిగాలి (నరసాపురం):
నేనొప్పుకోను. దాహంతో రాత్రంతా తిరిగే కుక్క ప్రశాంతంగా ఉన్నట్టా? మందు కుదిరితే దాహం వారాల్లోనే తగ్గుతుంది, జుట్టుకి మాత్రం నెలలు పడుతుంది. మోతాదు భయం నిజమే, అందుకే 10–14 రోజులకే రక్తం చూస్తారు. తిండి మానేస్తే ఆ పూట మందు వేయకుండా ఫోన్ చేయాలి. ముందు నీళ్లు కొలవండి. రోజుకి కిలోకి 100 మి.లీ. దాటితే, అంటే మీవాడికి 3 లీటర్లు, అది మామూలు దాహం కాదు. అరుగు తడుస్తోందని గిన్నె మాత్రం తీసేయకండి.

రేవుదాటు (రాజోలు):
ఇంత వాదించుకున్నారు గానీ, దురదకేమైనా వాడారా అని ఒక్కరూ అడగలేదు. మన వైపు వానాకాలం చెమ్మకి కుక్కలు గోక్కోవడం, స్టెరాయిడ్ పడగానే తగ్గిపోవడం మామూలేగా.

కాలవగట్టు:
ఆయ్, వాడామండి. పోయిన వానాకాలం నుంచి రోజూ ఒక ప్రెడ్నిసొలోన్. చీటీ లేకుండా నేనే తెచ్చి వేస్తున్నా. డాక్టరుగారికి చెప్పలేదు.

రేవుదాటు:
అదే మరి! స్టెరాయిడ్ కూడా కార్టిసాల్‌లాగే పనిచేస్తుంది, ఇన్నాళ్లు వేసిన బిళ్లలే కుషింగ్స్ తెప్పిస్తాయి. అలా వచ్చినదానికి ట్రైలోస్టేన్ పనికిరాదు.

కొబ్బరిమట్ట:
అయితే ఇవాళే బిళ్లలు ఆపేస్తే సరి!

రేవుదాటు:
ఆ పని మాత్రం చేయకండి. బయటినుంచి స్టెరాయిడ్ వస్తుంటే, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించేస్తాయి. ఒక్కసారి ఆపితే కుక్క కూలిపోవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

గోదారిగాలి:
తగ్గించాక కూడా దాహం పోకపోతేనో? అప్పుడు కుషింగ్స్ ఉందో లేదో చూసే 8 గంటల డెక్సామెథసోన్ రక్తపరీక్ష చేయించాల్సిందే. నా మాట మీదే నేనున్నాను.

కాలవగట్టు:
ఆపలేదండి. పొద్దున్నే బిళ్లల అట్ట పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నా. నీళ్లు కొలుద్దామని గిన్నె పెడితే, దాన్ని వదిలేసి కొబ్బరిచెట్టు పాదులో తాగొచ్చాడు. ఇక లెక్కెలా తేలుతుందో!