అబ్బీని మఠం అనాలా, విహారం అనాలా?

ఒక తవ్వకాల నివేదికను తెలుగు చేస్తూ 'అబ్బీ' (క్రైస్తవ సన్యాసులు కలిసి ఉండే చోటు) దగ్గర ఆగిపోయాను. మఠం అంటే శృంగేరి గుర్తొస్తుంది, విహారం అంటే నాగార్జునకొండ. మీరైతే ఏం రాస్తారు? పైగా మా తమ్ముడు ఆ మాట మన 'అబ్బ' నుంచే పోయిందంటున్నాడు!

— మీ తమ్ముడి ఊహ సరదాగానే ఉంది గానీ కుదరదండీ. అరమాయిక్ అనే ప్రాచీన భాషలో 'అబ్బా' అంటే తండ్రి. గ్రీకు, లాటిన్ల మీదుగా వచ్చి మఠాధిపతికి 'అబ్బాస్' అయింది, ఆయన ఏలే చోటు 'అబ్బాతియా'. తెలుగు బైబిల్లో 'అబ్బా తండ్రీ' అన్నది ఆ మాటే. 'నీ అబ్బ సొత్తా' అనే మన అబ్బకీ దానికీ చుట్టరికం లేదు. పసిపిల్లల నోట ముందు పలికే అక్షరాలు ఎక్కడైనా అమ్మకో నాన్నకో అంటుకుంటాయి.

మఠం అనే రాయండి. అధిపతి, శిష్యులు, మాన్యాలు అన్నీ సరిపోతాయి. అసలు చిక్కు 'క్లోయిస్టర్'తో. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ కప్పున్న నడవా. మా గోదావరి వాళ్ళు చూడగానే మండువా అనేస్తారు. స్విట్జర్లాండులోని సెయింట్ గాల్‌లో దాచిన మఠం పటం చూడండి, 820ల నాటిది, ఐదు తోలు ముక్కలు కలిపి కుట్టి గీసింది. చర్చికి దక్షిణాన చతురస్రపు ముంగిలి. దానికి తూర్పున పడకలు, దక్షిణాన భోజనశాల, పడమట పీపాల కొట్టు. మండువా లోగిలి కాక మరేమిటి?

— మండువాలో సంసారం ఉంటుందండీ, సన్యాసుల్ని కూర్చోబెడతారా! అది సరే, అన్ని మఠాలూ అలా లేవు. ఇంగ్లండులో జారో చర్చి ప్రతిష్ఠ శాసనం ఇప్పటికీ ఉంది: 685 ఏప్రిల్ 23. చరిత్ర రాసిన సన్యాసి బీడ్ బతికిన మఠం అదే. పురావస్తు శాస్త్రవేత్త రోజ్‌మేరీ క్రాంప్ 1963 నుంచి అక్కడ తవ్విస్తే, చర్చికి దక్షిణాన రెండు పొడవాటి రాతి కట్టడాలు ఒకే వరసలో బయటపడ్డాయి. రంగు గాజు పెంకులూ దొరికాయి. నాలుగు పక్కలా మూసిన ముంగిలి మాత్రం లేదు. అక్కడ మండువా అని రాస్తే, తవ్వకంలో దొరకని గోడలు అనువాదకుడు కట్టినట్టే.

— నా నివేదికలోనూ వరస కట్టడాలేనండీ. అయితే మఠం, ముంగిలి అని రాసేస్తా. మండువాని సెయింట్ గాల్‌కి దాచుకుంటా. మా తమ్ముడికి మాత్రం మీలో ఎవరైనా చెప్పండి, నా మాట వినడు.