ఆల్ఫా 105 కూపే: మెరిసే 2000 జీటీవీనా, వెలిసిపోయిన 1300 జూనియరా?

పాతబండి:
ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో 105 సిరీస్ కూపేలు (రెండు తలుపుల పాత కార్లు) రెండు అమ్మకానికి ఉన్నాయి. పేర్లలోని 2000, 1300 ఇంజన్ సీసీలు. ఒకటి 1972 నాటి 2000 జీటీవీ. కొత్త పెయింటుతో అద్దంలా ఉంది, ఇంజన్ మొత్తం విప్పి చేయించామంటున్నారు, ఒక్క బిల్లు కూడా చూపించట్లేదు. రెండోది 1971 నాటి జీటీ 1300 జూనియర్. రంగు వెలిసింది, సీటు కుట్లు ఊడాయి, సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) పక్కన ఆయిల్ చెమ్మ. కాకపోతే దీనికి మళ్లీ పెయింటు కొట్టిన జాడ ఎక్కడా లేదు. ధరలో పెద్ద తేడా లేదు. మనసైతే 2000 మీదే ఉంది. చూడ్డానికి వెళ్తే ఏ వరసలో చూడాలి? ఏది కనబడితే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయాలి? రోజూ తిప్పడానికి కాదండీ, నెలకు రెండు మూడు లాంగ్ డ్రైవ్‌లు, అంతే.

తుప్పువేట:
ముందు జూనియర్ చూడండి. ఈ కార్లకు ఇంజన్ పోయినా పిస్టన్లు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) సెట్టుగా కొత్తవి దొరుకుతాయి, కూర్చుని కట్టుకోవచ్చు. బాడీ పోతే ఎంత పోసినా ఆనదు. బిల్లుల్లేని కొత్త పెయింటు చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

అసలు కథంతా సిల్స్‌లో ఉంది, అంటే తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వెళ్లే పెట్టెలు. బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు అని మూడు పొరలు. కారు బరువు మోసేది ఇవే. లోపలికి దిగిన నీళ్లు బయటికి పోయే కన్నాలు మట్టితో పూడుకుపోతాయి, మధ్య రేకును తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. చవక పనివాడు బయటి రేకు ఒక్కటి మార్చి, పుట్టీ పట్టించి, పెయింటు కొడతాడు. పైనుంచి చూస్తే వంక పెట్టలేరు.

దాన్ని పట్టుకోవాలంటే ఇలా చేయండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా తలుపు మూసి, తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందు పైన ఎంత, కింద ఎంత అని ఫీలర్ గేజ్‌తో (సన్న సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట) కొలిచి రాసుకోండి. తర్వాత సిల్ కింద ఉన్న జాకీ పాయింటు దగ్గరే జాకీ వేసి ఆ వైపు చక్రం నేల వదిలేదాకా లేపండి. మళ్లీ అదే సందు కొలవండి, తలుపు తెరిచి మూయండి. సందు మారినా, తలుపు పట్టేసినా బాడీ వంగుతున్నట్టే. జాకీ పాయింటే కరకరమంటూ లోపలికి దిగిందా, ఇక అక్కడ మాట్లాడేదేం లేదు. అమ్మేవాళ్లు అక్కడ జాకీ వేయనివ్వకపోయినా అంతే.

ఆ తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూడండి. ముందు అద్దం కింది మూలలు, ముందు చక్రాల వెనక వింగ్ (చక్రం మీది రేకు) అడుగు, వెనక చక్రాల వంపు, రేడియేటర్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ కూడా. కార్పెట్ ఎత్తి కింద ఉన్న ఫెల్టు చేత్తో నొక్కండి. అద్దం రబ్బరు కారితే నీళ్లు తిన్నగా అక్కడికే చేరి నెలల తరబడి నిలవుంటాయి. ఫ్రిజ్ మీద అంటించే పల్చటి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. అది జారిపోయిన చోట పుట్టీ ఉన్నట్టు.

రేకు పని చేయించాల్సి వస్తే ఒక్క హెచ్చరిక. తలుపు ఫ్రేములో అడ్డంగా పైపు వెల్డ్ చేయకుండా సిల్ కోయనివ్వకండి. ఒక్కో పొర వెల్డ్ చేసినప్పుడల్లా తలుపు బిగించి సందు సరిచూసుకోవాలి. కోసేశాక ఆధారం లేకపోతే బాడీ మధ్యలో కుంగుతుంది, అదే స్థితిలో కొత్త సిల్ వెల్డ్ అయిపోతే తలుపు జన్మలో సరిగ్గా పడదు.

డీకోఈ40:
బాడీ గురించి పై మాటలన్నీ ఒప్పుకుంటా. ఇంజన్ని అంత తేలిగ్గా వదిలేయడం మాత్రం ఒప్పుకోను, ముఖ్యంగా 2000 విషయంలో. రెండింటిదీ ఒకే కుటుంబం: అల్యూమినియం బ్లాకు, అల్యూమినియం హెడ్డు, చుట్టూ నీళ్లు తిరిగే ఇనుప లైనర్లు, పైన రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, చైను. 1300కి బోరు (సిలిండర్ వెడల్పు) 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మిల్లీమీటర్లు. 2000కి 84, 88.5. బయటి బ్లాకు పెద్దగా పెరగకుండా బోరు పెంచారు కాబట్టి 2000లో సిలిండర్ల మధ్య జాగా బాగా తక్కువ. హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) గొడవ దానికే ఎక్కువ.

హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఆయిల్ దారుల చుట్టూ చిన్న చిన్న రబ్బరు రింగులుంటాయి. వేడికి గట్టిపడి పగులుతాయి. బయటికి కారితే మీరు చూసిన చెమ్మ. లోపలికి కారితే రేడియేటర్ మూత కింద మీగడలాంటి జిడ్డు తేలుతుంది. జూనియర్‌లో జిడ్డు లేదు, చెమ్మే ఉంది అంటే గాస్కెట్ సెట్టుతో పోయే పని. హెడ్డు విప్పినప్పుడు లైనర్లను క్లాంపులతో అదిమిపెట్టకుండా క్రాంకు తిప్పనివ్వకండి. పిస్టన్ లైనర్ని పైకి లాగితే అడుగున సీలు కదిలిపోతుంది, నీళ్లు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతాయి. గాస్కెట్ పని కాస్తా ఫుల్ ఓవర్‌హాల్ అవుతుంది.

ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. ఆయిల్ ప్రెషర్ వేడెక్కాక చూడాలి, అదీ నీళ్లు వేడెక్కగానే కాదు, ఓ ఇరవై నిమిషాలు నడిపాక. ఐడ్లింగ్‌లో 0.5 నుంచి 1 బార్ ఉన్నా కంగారు పడక్కర్లేదు. రోడ్డు మీద 4 బార్ చుట్టుపక్కల నిలబడాలి. కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) వేడి ఇంజన్ మీద, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చేయండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుండాలి.

ఐడ్లింగ్ సరిగ్గా లేదని కార్బొరేటర్లను తిట్టే ముందు వాటి వెనక చూడండి. కార్బొరేటర్‌కీ మ్యానిఫోల్డుకీ మధ్య ఇనుముకి రబ్బరు అతికించిన మౌంటు ఉంటుంది. కార్బొరేటర్ బరువంతా దానిమీదే వేలాడుతుంది. ఆ రబ్బరు అడుగు వైపు పగులుతుంది, పైనుంచి కనబడదు. టార్చి, చిన్న అద్దం పట్టుకుని చూస్తే అతుకు వెంట వెంట్రుకలాంటి గీత కనిపిస్తుంది. ఇంజన్ ఆపి కార్బొరేటర్ని చేత్తో పట్టుకుని మెల్లగా పైకెత్తితే ఆ గీత తెరుచుకుంటుంది. దొంగగాలి అక్కడినుంచే దూరుతుంది. ఆ పగులు అలాగే ఉంచి జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న కన్నాలు) మార్చుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్లయినా ట్యూనింగ్ కుదరదు.

మూడోగేరు:
గేర్‌బాక్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండో గేరు సింక్రో (గేరు గర్రుమనకుండా పడేలా చేసే రింగు) ఈ కార్ల పుట్టుమచ్చ. పోర్షే తరహా సింక్రో రింగులు, రెండోదే ముందు అరుగుతుంది. టెస్టు డ్రైవ్‌లో వేడెక్కాక 4000 ఆర్‌పీఎం దగ్గర మూడు నుంచి రెండుకి మామూలుగా దించండి. గర్రుమంటే రింగు అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడు కాస్త మొరాయించడం మామూలే, మొదటి పది నిమిషాలు ఒకటి నుంచి రెండుకి వేసేటప్పుడు మధ్యలో క్షణం ఆగితే సరిపోతుంది. గేర్ ఆయిల్ జీఎల్-5 రకం పోయకండి, జీఎల్-4 చాలు. జీఎల్-5లో జారుడు ఎక్కువ, ఈ సింక్రో పట్టు మీద పనిచేస్తుంది.

యాక్సిలరేటర్ వదిలి పట్టినప్పుడల్లా కింద "టక్" మంటే గేర్‌బాక్స్ వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకి (వెనక చక్రాలకు శక్తి మోసే కడ్డీ) ఉండే రబ్బరు కప్లింగ్ చూడండి. కొత్తది చుట్టూ ఇనుప పట్టీ బిగించి వస్తుంది. ఆ పట్టీతోనే బోల్టులన్నీ ఎక్కించి, ఆ తర్వాత కోయాలి. ముందే కోస్తే రబ్బరు విచ్చుకుని బోల్టు కన్నాలు కలవవు. షాఫ్టు విప్పే ముందు గుర్తులు పెట్టుకోవడం మరచిపోవద్దు.

ఇంకోటి, బ్రేకు సర్వో, అంటే పెడల్ తొక్కుడికి బలం కలిపే పరికరం. ఆయిల్ తగ్గట్లేదు, పొగ మాత్రం తెల్లగా వస్తోంది, బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా తగ్గుతోంది అంటే సర్వో సీలు పోయి ఇంజన్ ఆ ఫ్లూయిడ్‌ని లాగేస్తోంది. దీన్ని హెడ్ గాస్కెట్ అనుకుని హెడ్డు విప్పేసేవాళ్లున్నారు.

పాతబండి:
చాలా థాంక్సండీ. 2000 ఇంజన్ నిజంగా విప్పి చేశారో లేదో విప్పకుండా తెలుసుకునే దారి ఉందా? టాపెట్లు (వాల్వుల్ని నొక్కే భాగాలు) టకటకమంటున్నాయి, "ఆల్ఫా అంటే అంతే" అంటున్నారు.

డీకోఈ40:
సన్నగా, సమంగా కుట్టుమిషన్‌లా వినిపిస్తే అది మామూలే. ఒక్క సిలిండర్ దగ్గర విడిగా కొట్టుకుంటే సరిచేయలేదని అర్థం. క్యామ్ కవర్ తీయనివ్వమనండి, కొన్ని నట్లే కదా. చల్లటి ఇంజన్ మీద క్యామ్ వీపుకీ బకెట్‌కీ (అదే టాపెట్) మధ్య సందు ఇన్‌టేక్‌కి, ఎగ్జాస్ట్‌కి మాన్యువల్‌లో చెప్పినంత ఉండాలి. ఇందులో స్క్రూ తిప్పి సరిచేసే ఏర్పాటు లేదు. సందు సరిచేసే పల్చటి బిళ్లలు, అంటే షిమ్ములు, బకెట్ కింద వాల్వు తలమీద కూర్చుంటాయి, మార్చాలంటే క్యామ్ ఎత్తాల్సిందే. అందుకే బద్ధకించి వదిలేస్తారు. ఎనిమిది వాల్వులూ లెక్కలో ఉంటే ఎవరో ఓపికగా చేశారనుకోవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వులు కొత్తవేశారా అని కూడా అడగండి. ఫ్యాక్టరీవి సోడియం నింపిన బోలు వాల్వులు, వయసు మీద పడితే తల విరిగే ప్రమాదం ఉంది.

తుప్పువేట:
బానెట్ ఎత్తినప్పుడే నంబర్లూ చూసేయండి. ఎడమవైపు స్టీరింగున్న 2000 జీటీవీ అయితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) మీద 105.21 టైపు, బ్లాకు మీద 00512తో మొదలయ్యే ఇంజన్ నంబరు. అలాంటి జూనియర్‌కి 105.30, 00530. జూనియర్ బాడీలో 2000 ఇంజన్ దింపి, గ్రిల్లు మార్చి అమ్మడం మామూలే. నడపడానికి అదేం చెడ్డది కాదు, ధర మాత్రం జీటీవీది ఇవ్వకూడదు. ఇటలీలో అరేసేలోని ఆల్ఫా డాక్యుమెంటేషన్ సెంటర్‌కి ఛాసీ నంబరు పంపితే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో, ఎప్పుడు బయటికొచ్చిందో సర్టిఫికెట్ ఇస్తారు. డబ్బు కట్టే ముందే తెప్పించుకోండి.

మూడోగేరు:
శక్తి తక్కువని జూనియర్‌ని తీసిపారేయకండి. టన్ను బరువు కూడా నిండని కారు, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, 6000 దాటినా ఆయాసపడని ఇంజన్. సన్నటి పిల్లర్ల మధ్యనుంచి రోడ్డు మొత్తం కనబడుతుంది, టన్నెల్‌లోంచి ఏటవాలుగా లేచే గేరు రాడ్డు చేతికి తనంతట తనే అందుతుంది. 2000లో ఉన్నది కింది ఆర్‌పీఎంలో లాగే బలం, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రెండోకి దించే పని తప్పుతుంది. రెండో సింక్రో సంగతి తెలుసుగా, అదీ లాభమే.

పాతబండి:
సరేనండీ. శనివారం జూనియర్ దగ్గరికి వెళ్తున్నా. ఫీలర్ గేజ్, టార్చి, చిన్న అద్దం, ఫ్రిజ్ అయస్కాంతం సంచిలో పెట్టేశా. తలుపు సందుల కొలతలు ఇక్కడే రాస్తా.