తుప్పు మీద పరిశోధనకు డబ్బు తగలేయడం ఎందుకు, ఏరోజెల్ మీద పెట్టొచ్చుగా?

మిర్చి యార్డు (గుంటూరు):
నిన్న మా మేనల్లుడు రెండు పరిశోధనల గురించి చెప్పాడు. ఒకటి, అణు వ్యర్థాలు దాచే స్టీలు డబ్బాలు వేల ఏళ్లలో ఎలా తుప్పు పడతాయన్నది. రెండోది ఏరోజెల్, దాదాపు అంతా గాలే ఉండే ఘన పదార్థమట, వేడిని బాగా ఆపుతుందట, దాన్ని విరక్కుండా బలపరచడం. సూటిగా చెబుతున్నా, మొదటిది దండగ. మాది కోల్డ్ స్టోరేజీ, మే నెల కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది, ఆ ఏరోజెల్ ఏదో గోడలకు వేసుకునేంత చవగ్గా చేసిపెడితే మాకు పనికొస్తుంది. పదివేల ఏళ్ల తర్వాత డబ్బాకి చిల్లు పడితే చూడ్డానికి మనం ఉంటామా?

పటమట మెకానికల్:
అన్నా, ఏరోజెల్ నిన్నా మొన్నటిది కాదు, 1931లోనే కిస్లర్ అనే అమెరికన్ చేశాడు. జెల్‌లోని ద్రవాన్ని తీసేసి ఆ చోట గాలి మిగలాలి. మామూలుగా ఆరబెడితే ముడుచుకుపోయి పగులుతుంది, అందుకని వేడి, పీడనం పెంచి, ద్రవానికీ వాయువుకీ తేడా లేని స్థితికి తెచ్చి తీస్తారు. ఖర్చంతా అక్కడే. నాసా 1999లో పంపిన స్టార్‌డస్ట్ నౌక తోకచుక్క దుమ్మును దీంట్లోనే పట్టుకొచ్చింది, కానీ చేత్తో వంచితే అప్పడంలా విరుగుతుంది. ఎందుకంటే లోపల సిలికా గింజలు ఒకదానికొకటి అతుక్కున్న చోట మెడ మరీ సన్నగా ఉంటుంది. ఆ మెడల మీద పాలిమర్ పూత పూస్తే బలం బాగా పెరుగుతుంది, కాకపోతే బరువూ కొంత పెరుగుతుంది, వేడిని ఆపే గుణమూ కొంత తగ్గుతుంది. పీచుతో కలిపిన దుప్పట్లు పైపులకు ఇప్పటికే అమ్ముతున్నారు. కోల్డ్ స్టోరేజీ గోడలన్నిటికీ అంటే మాత్రం మీ మిర్చి అమ్మినా చాలదు.

కెమిస్ట్రీ మేడం (విజయవాడ):
మిర్చి యార్డు గారూ, దండగ అనేముందు ఒకటి వినండి. మన దేశంలో బాగా రేడియోధార్మికత ఉన్న వ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజులో కరిగించి స్టీలు డబ్బాల్లో పోస్తారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలో ఈ పని జరుగుతోంది. గాజు విడిగా మంచిదే, స్టీలు విడిగా మంచిదే. 2020లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఈ రెంటినీ ఆనించి, వేడి ఉప్పునీళ్లలో 30 రోజులు ఉంచి చూశారు. విడివిడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ పాడయ్యాయి. మధ్యనున్న సన్నటి సందులో స్టీలు నుంచి వచ్చిన ఇనుము, క్రోమియం అయాన్లు నీటిని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం గాజును తినేస్తుంది, గాజు కరిగితే సందులో రసాయనం మారి స్టీలు ఇంకా పాడవుతుంది.

మా అమ్మ ఆవకాయ జాడీలోనే పెట్టేది. నేను తెలివిమీరి ఒక ఏడాది స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బా ఒళ్లంతా తళతళ మెరుస్తోంది, మూత బిగుసుకునే అంచు కింద మాత్రం గోధుమరంగు చుక్కలు, గోరుతో గీకితే సూది మొనంత గుంటలు. ఉప్పు, తడి, గాలి ఆడని సందు, ఇంతే కావాలి దానికి.

కృష్ణలంక:
మేడం, అదే నా అనుమానం. 30 రోజులు చూసి వేల ఏళ్ల సంగతి ఎలా చెబుతారండీ? ప్రకాశం బ్యారేజీ 1957లో కట్టారు, మనిషి కాపలా ఉండి కూడా గేట్లకు మరమ్మతులు చేయిస్తూనే ఉన్నారు. భూమిలో పాతేసిన డబ్బాకి ఎవడు చేస్తాడు? శ్రీకాకుళంలో కొవ్వాడ అణు విద్యుత్ ప్లాంటు అంటున్నారు, వ్యర్థాన్ని శాశ్వతంగా పాతిపెట్టే లోతైన చోటు మన దేశంలో ఇంకా లేదు. ముందు అది తేల్చండి.

కెమిస్ట్రీ మేడం:
ఆ 30 రోజులతో ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేరు, ఎక్కడ పాడవుతుందో చెప్పగలరు, రెండూ ఒకటి కాదు. ఏళ్ల లెక్కకి వేరే ఆధారాలున్నాయి. మధ్యధరా సముద్రంలో మునిగిన రోమన్ ఓడలోని గాజు ముద్దల్ని 1800 ఏళ్ల తర్వాత తీసి చూస్తే, గాజు చాలావరకు నిలిచింది, పగుళ్ల వెంబడి మార్పు కనిపించింది. మళ్లీ సందులే! స్వీడన్ వాళ్లు తమ అణు వ్యర్థానికి 5 సెంటీమీటర్ల మందం రాగి డబ్బా అన్నారు, 2018లో అక్కడి పర్యావరణ కోర్టు రాగి తుప్పు సంగతి తేల్చమంది, ప్రభుత్వం అనుమతిచ్చింది 2022లో. కోర్టు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి తుప్పు చూడాలి కదా, దాన్ని దండగంటే ఎలా?

కృష్ణలంక:
అంటే ఇంకా తేలలేదనేగా అర్థం. తేలాకే కట్టమంటున్నా.

పటమట మెకానికల్:
అన్నా, ఈలోగా ఇప్పటికే ఉన్న వ్యర్థం ఎక్కడికి పోతుంది? కొవ్వాడ ఆపినా అది ఉంటుంది. మిర్చి యార్డు అన్నా, మీకో మాట. మీ అమ్మోనియా పైపులకు చుట్టిన థర్మకోల్ ఎప్పుడైనా విప్పి చూశారా? చల్లటి పైపు, పైన ఇన్సులేషన్, జాయింట్ దగ్గర ఆవిరి దూరితే లోపల నీళ్లు నిలుస్తాయి. ఏరోజెల్ దుప్పటి చుట్టినా అంచులు సీల్ చేయకపోతే ఇదే కథ.

మిర్చి యార్డు:
తమ్ముడూ, నీ మాట విని పొద్దున్నే మా వాడి చేత రెండో ఛాంబర్ బయట వాల్వు దగ్గర ఒక మూర మేర కోయించా. థర్మకోల్ పిండితే నీళ్లు కారాయి. పైపు మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా చేతికొచ్చింది, స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే మా వాడు భయపడి ఆపేయమన్నాడు, లోపల గ్యాసు ఉంది మరి. పైన ప్లాస్టర్ చూస్తే నిన్నటిదాకా కొత్త పెళ్లికూతురిలా ఉంది. డబ్బు ఏరోజెల్‌కే పెట్టాలన్నది నా మాటే, మార్చుకోను. అది సరే గానీ, ఈ పైపు గోడ మందం, పైపు కోయకుండా కొలిచే మిషను విజయవాడలో ఎవరి దగ్గరుంది?

పటమట మెకానికల్:
అల్ట్రాసోనిక్ మందం మీటర్ అంటారన్నా. ఆటోనగర్‌లో బాయిలర్ పనులు చేసేవాళ్లని అడగండి. ముందు ఆ లైన్ ఐసోలేట్ చేయించండి, అంటే దాంట్లోకి గ్యాసు రాకుండా విడదీయించండి, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి.