ఎడారి టూర్‌లో బెలూన్ ఎక్కాలా, గ్లైడర్ ఎక్కాలా, రెండూ వద్దా?

చంద్రగిరి_కోట:
అందరికీ నమస్కారం. డిసెంబర్ సెలవుల్లో అమ్మానాన్నలతో, మా ఎనిమిదేళ్ల పాపతో దుబాయ్‌లో ఉన్న వదినవాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. తెల్లవారుజామున ఎడారి మీద హాట్ ఎయిర్ బెలూన్ రైడ్ బుక్ చేస్తానని వదిన అంటోంది. బెలూన్ గాలి ఎటు తోస్తే అటు పోతుంది, దానికంటే రెక్కలున్న గ్లైడర్ (ఇంజిన్ లేని చిన్న విమానం) నయం అని మా తమ్ముడు. ఇసుక మీద జీపు చాలు, పైకెళ్లే పని పెట్టుకోవద్దని నాన్న. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?

స్వర్ణముఖి_ఒడ్డు:
నాన్నగారి మాట వినండి. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్‌లో బెలూన్‌కి నిప్పంటుకుని 19 మంది చనిపోయారు. దిగబోతుండగా గ్యాస్ పైపు దగ్గర మంట లేచింది. పైలట్, ఒకే ఒక్క టూరిస్టు బయటపడ్డారు. 1989లో ఆస్ట్రేలియాలో, ఎడారి మధ్య ఊరైన ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర, ఒక బెలూన్ పైకి లేస్తూ తన పైనున్న ఇంకో బెలూన్ బుట్టకి తగిలి చిరిగిపోయింది. 13 మంది పోయారు. స్టీరింగ్ లేని బండి అది. పిల్లను, పెద్దవాళ్లను తీసుకుని అంత డబ్బు పోసి టెన్షన్ కొనుక్కోవడం ఎందుకు?

రేణిగుంట_జంక్షన్:
అన్నా, మీరు చెప్పిన రెండూ నిజమే. అవి ఎందుకు జరిగాయో కూడా చెప్పుకోవాలి. లక్సర్‌లో గ్యాస్ లీకు, ఆలిస్ స్ప్రింగ్స్‌లో పైన ఏముందో సరిగా చూసుకోకపోవడం. దానికి 2016లో టెక్సాస్ ప్రమాదం కూడా కలపండి. మబ్బు, పొగమంచు ఉన్న పొద్దున బెలూన్ లేపారు. అది హై టెన్షన్ కరెంటు తీగలకు తగిలి 16 మంది పోయారు. పైలట్ ఆ రోజు వద్దు అని ఉంటే అందరూ ఇళ్లకు చేరేవాళ్లు. నాకు ఇందులో ముఖ్యమైన ప్రశ్న అదే. వద్దు అనాల్సిన రోజున పైలట్ వద్దు అనగలుగుతాడా?

స్టీరింగ్ సంగతి. పైలట్ చేతిలో ఉండేది పైకి, కిందికి మాత్రమే, అది ఒప్పుకుంటాను. కానీ ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంది. బర్నర్ వేసి పైకి పోయి, పైన గుడ్డ తెరిచి వేడి గాలి వదిలి కిందికి వచ్చి, తనకు కావలసిన గాలిని పట్టుకుంటాడు. కింద జీపులో ఒక బృందం వెంట వస్తూనే ఉంటుంది. చెట్లు, తీగలు లేని ఇసుక నేల మీద దిగడం, ఊళ్ల మధ్య దిగడం కంటే ఎంతో సులువు. తమిళనాడులోని పొల్లాచ్చి బెలూన్ పండుగలో లేచిన బెలూన్ 2025 జనవరిలో సరిహద్దు దాటి కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో వరి పొలంలో దిగింది. మన వైపు కూడా అంతే, చెరువులు, కరెంటు స్తంభాలు, తోటలు. ఎడారిలో ఆ బాధ తక్కువ.

కుప్పం_కుర్రాడు:
తమ్ముడి పక్షాన నేను. శేషాచలం కొండల మీద మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం మనందరం చూసిందే. గ్లైడర్ చేసేదీ అదే. విమానంతో లాగించో, విన్చ్‌తో (నేల మీద తాడు చుట్టే యంత్రంతో) గుంజించో పైకి తీసుకెళ్తారు, ఆ తర్వాత ఇంజిన్ లేకుండా వేడి గాలి స్తంభాల్లో తిరుగుతూ ఎత్తు సంపాదిస్తారు. ఎడారి అంటే గ్లైడర్‌కి బంగారం. ఆఫ్రికాలోని నమీబియాలో బిట్టర్‌వాసర్ అనే చోటికి ప్రపంచం నలుమూలల నుంచి పైలట్లు వస్తారు. అక్కడి నుంచి మొదటిసారి 1000 కిలోమీటర్లు ఎగిరినవాళ్లు ఒక ఖర్జూర మొక్క నాటడం ఆనవాయితీ. మంచి గ్లైడర్ ఒక కిలోమీటరు ఎత్తు నుంచి 40 కిలోమీటర్ల దూరం జారగలదు. ఎక్కడ దిగాలో పైలట్ ఎంచుకుంటాడు. బెలూన్‌కి ఆ భాగ్యం ఉందా?

రేణిగుంట_జంక్షన్:
తమ్ముడూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. కానీ నీ గ్లైడర్‌ని లేపే ఆ వేడి గాలే బెలూన్‌కి శత్రువు. బెలూన్ లోపలి గాలి దాదాపు 100 డిగ్రీలు ఉంటుంది, బయట చల్లగా ఉన్నకొద్దీ బాగా లేస్తుంది. ఎండ ముదిరి నేల కాగితే గాలి అడ్డదిడ్డంగా లేస్తుంది. అందుకే బెలూన్‌ను తెల్లవారగానే లేపి పొద్దెక్కకముందే దించేస్తారు. దుబాయ్‌లో ఎండ మండే నెలల్లో బెలూన్ రైడ్లు ఆపేస్తారు. గ్లైడర్ ఎక్కేసరికి నడి మధ్యాహ్నం. అద్దాల మూత కింద ఎండ నెత్తిన కొడుతూ ఉంటే, ఒకే వైపు తిరిగీ తిరిగీ కడుపులో తిప్పుతుంది. పైలట్ కాక ఒక్కరికే చోటు. పైగా చాలాచోట్ల పారాచూట్ కట్టుకుని కూర్చోవాలి. ఎగరడం నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు అది అద్భుతం. ఎనిమిదేళ్ల పాపను, నానమ్మను పక్కపక్కన నిలబెట్టి సూర్యోదయం చూపించాలంటే మాత్రం బెలూనే.

పలమనేరు_అక్క:
పెద్దవాళ్లకు మోకాళ్లు బాగుండాలి బాబూ. బుట్టకి మామూలుగా తలుపు ఉండదు, పక్కనున్న కంతల్లో కాలు పెట్టి ఎక్కాలి. గంటసేపు నిలబడాలి. దిగేటప్పుడు మోకాళ్లు వంచి, లోపలి తాడు పట్టుకుని గట్టిగా ఉండాలి. గాలి ఉంటే బుట్ట కొంచెం దూరం ఈడ్చుకుపోతుంది, ఒక్కోసారి పక్కకు ఒరుగుతుంది. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లను, గర్భిణులను ఎక్కించుకోరు. పాప ఎత్తు సరిపోతుందో లేదో ముందే అడగండి.

చంద్రగిరి_కోట:
థాంక్స్ అక్కా. నాన్నకి పోయిన ఏడాది మోకాలి ఆపరేషన్ అయింది. అయితే ఆయన్ని ఎక్కించం. రేణిగుంట అన్నా, పైలట్ వద్దు అనగలడో లేదో మాకెలా తెలుస్తుంది?

రేణిగుంట_జంక్షన్:
సగం మన చేతిలోనే ఉంది. మనవాళ్లు టూర్ వేస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఫ్లైట్ అని కూర్చుకుంటారు. బెలూన్‌ను ఆఖరి రోజున పెడతారు. ఆ పొద్దున గాలి ఎక్కువుందని చెబితే "ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టాం, రేపు లేము" అని మీద పడతారు. ఇరవై మంది ఒకేసారి బతిమాలుతుంటే పైలట్ మనసు కూడా మనిషి మనసే కదా. అందుకని వెళ్లిన రెండో రోజే పెట్టుకోండి. తర్వాత ఒకటి రెండు పొద్దులు ఖాళీగా ఉంచండి. గాలి వల్ల రద్దయితే డబ్బు పూర్తిగా వెనక్కిస్తారా, ఇంకో రోజు మారుస్తారా అని రాతపూర్వకంగా అడగండి. రద్దు చేయడానికి వెనకాడే చోట అసలు కట్టొద్దు.

స్వర్ణముఖి_ఒడ్డు:
ఖాళీ రోజు మాట బాగుంది. అయినా మా ఇంట్లోవాళ్లనైతే నేను ఎక్కించను. గ్యాస్ పైపు ఊడితే ఖాళీ రోజు కాపాడదు.

రేణిగుంట_జంక్షన్:
కాపాడదు అన్నా, నిజమే. ఆ భయం న్యాయమైనదే. సిలిండర్లు, పైపులు చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, పైలట్‌కి లైసెన్స్ ఎవరిచ్చారు, బుట్టలో ఎంతమంది అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే నాన్నగారు చెప్పిన జీపే ఎక్కండి.

చంద్రగిరి_కోట:
ఈ మూడు ప్రశ్నలూ, డబ్బు సంగతీ వదినకి వాట్సాప్‌లో పంపాను. రెండో రోజు పొద్దునకి అడగమన్నాను. పాప ఎత్తు ఇప్పుడే గోడకి నిలబెట్టి కొలిచాం. అమ్మ వస్తానంటోంది, నాన్న కింద జీపులో ఉంటారట.