రిపోర్టులన్నీ బాగున్నాయి, పాపకు కడుపునొప్పి మాత్రం తగ్గట్లేదు

ప్రశ్న (రాయగడ, ఒడిశా):
మా పాపకు 13 ఏళ్లు. నాలుగు నెలలుగా కడుపునొప్పి. బడి రోజు వస్తే చాలు, ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ముడుచుకు కూర్చుంటుంది. స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. మజ్జిగౌరమ్మకు మొక్కాం, దిష్టి తీశాం. సెలవుల్లో నొప్పి తక్కువగా ఉంటుంది కాబట్టి ఇదంతా బడి ఎగ్గొట్టే నాటకం అంటారు మా అత్తగారు. నాకూ ఒక్కోసారి అదే అనుమానం, అబద్ధమెందుకు. కానీ మొన్న రాత్రి నిద్రపోకుండా "రేపు ఒడియా పాఠం పైకి చదవమంటారేమో అమ్మా" అని నాలుగుసార్లు అడిగింది. టెన్షన్‌కి నిజంగా కడుపు నొప్పి వస్తుందా?

జవాబు 1 (పర్లాకిమిడి):
వస్తుంది అక్కా. మావాడికి తలనొప్పి. మగపిల్లాడివి, ఇంతదానికే ఏంట్రా అని మేమే వాడి నోరు మూయించాం, చెప్పడం మానేశాడు, తర్వాత క్రికెట్టూ మానేశాడు. ఆడపిల్లల్లో ఇవి ఎక్కువంటారు, ముఖ్యంగా పెద్దమనిషయ్యే వయసు నుంచి. మగపిల్లలు బయటపడరు, అదొకటి.

జవాబు 2 (కోరాపుట్, స్టాఫ్ నర్సుని):
ముందు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) పరీక్ష అయిందా? మన వైపు ఎక్కువ, కడుపులో, ఎముకల్లో నొప్పులుగా కూడా వస్తుంది. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వాళ్లకి ఈ పరీక్ష చేస్తున్నారు. బరువు తగ్గినా, జ్వరం వస్తున్నా, విరేచనంలో రక్తం పడినా, నొప్పికి నిద్రలోంచి లేస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి. ఇవేవీ లేకపోయినా నొప్పి నిజమే, నాటకం కాదు. పేగులకీ మెదడుకీ నరాల దారి ఉంది, భయం ఎక్కువైతే పేగుల మామూలు కదలికే నొప్పిగా తెలుస్తుంది, మళ్లీ వస్తుందేమోనని ఇంకా భయం. మూడు నెలలు దాటిందంటే ఒంటినీ మనసునీ రెండూ కలిపి చూడాల్సిందే. బడి పూర్తిగా మాన్పిస్తే తిరిగి వెళ్లడం మరీ కష్టం, సగం పూటైనా పంపండి. గంటగంటకీ "నొప్పెలా ఉంది" అని అడక్కండి. కౌన్సెలింగ్‌కి దూరం వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న అడిగినావిడ:
సికిల్ సెల్ పరీక్ష చేయించలేదండీ, ఈ వారమే వెళ్తాం. నిన్న రాత్రి ఒడియా పుస్తకం తెరిచి కూర్చున్నాం. నాకు ఆ అక్షరాలు రావు, తనే వేలు పెట్టి రెండు పేజీలు చదివి వినిపించింది. పొద్దున్న నొప్పి మామూలే. రెండో పీరియడ్‌కి దింపి వచ్చాను.