భీమిలి మొగకు ఈ రెండు అల్యూమినియం పడవల్లో ఏది మేలు?

గోస్తనీ ఒడ్డు:
అందరికీ నమస్కారం. నేనూ మా బావమరిదీ భీమిలి దగ్గర గోస్తనీ మొగలోనూ (నది సముద్రంలో కలిసే చోట), సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఒడ్డుకు రెండు కిలోమీటర్ల దాకానూ గాలాలతో చేపలు పట్టడానికి ఒక చిన్న పడవ కొనాలనుకుంటున్నాం. చూసినవాటిలో రెండు మిగిలాయి, రెండూ వాడినవే. ఒకటి 12 అడుగులది. అడుగు చదునుగా ఉంది, రేకు మందం 1.6 మిల్లీమీటర్లు, అతుకులన్నీ రివెట్లతో బిగించారు. 70 కిలోలే కనుక ఇద్దరమే ఇసుక మీద మోసుకుపోగలం, ధర కూడా తక్కువ. రెండోది 14 అడుగులది. అడుగు ‘వి’ ఆకారంలో ఉంది, 3 మిల్లీమీటర్ల రేకు, అంతా వెల్డింగే, అయితే 160 కిలోల బరువు. మోటారు 9.9 హార్స్‌పవర్‌ది. ఏది తీసుకోమంటారు?

జాలరిపేట వాసి:
మీరు మొగ దాటుతామన్నారు కనుక నేను రెండోదే తీసుకోమంటాను. నది లోపల, మోకాలి లోతు నీళ్లలో, చదును అడుగు పడవకు సాటి లేదు. నిలబడి గాలం వేసినా ఒరగదు. అదే పడవ మొగ దగ్గర, నది నీళ్లు బయటికి తోస్తుండగా కెరటం ఎదురొచ్చే చోట, ప్రతి అలకూ అడుగు బాదుకుంటుంది, తక్కువ ఎత్తున్న అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. మా నాన్నగారు తెప్ప మీద వేటకు వెళ్లేవారు. కెరటం విరుచుకుపడినా నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోయేవి. పడవలో పడిన నీళ్లు మాత్రం మీరు తోడేదాకా పడవలోనే ఉంటాయి. బల్లల కింద తేలడానికి ఫోమ్ ఉందో లేదో చూడండి, లైఫ్ జాకెట్లు లేకుండా మొగ వైపు వెళ్లకండి.

వెల్డింగ్ మేస్త్రి:
పై సోదరుడితో నేనూ ఏకీభవిస్తాను, కానీ వాడిన పడవను చూడకుండా కొనవద్దు. రేకు 5083 లేదా 5052 రకం అల్యూమినియం మిశ్రమమా అని అడగండి, అవి ఉప్పునీటికి బాగా ఆగుతాయి. రివెట్ల పడవను కర్రల మీద ఎత్తి లోపల నీళ్లు నింపితే, ఏ రివెట్ దగ్గర కారుతోందో బయటినుంచి కనిపిస్తుంది. వెల్డింగ్ పడవలో అతుకుల పక్కన సన్నని పగుళ్ల కోసం వెతకండి. రెండింటిలోనూ ఇత్తడి, రాగి సామాను ఎక్కడుందో చూడండి. ఉప్పునీళ్లలో అవి తగిలిన చోట అల్యూమినియమే కరిగిపోతుంది. ఒక పడవలో అడుగున పడి మరిచిపోయిన రాగి తీగ ముక్కను ఎత్తితే, దాని కింద గోరు పట్టేంత గుంట ఉంది. నాచు పట్టకుండా రాగి కలిసిన రంగు కూడా వేయవద్దు.

గోస్తనీ ఒడ్డు:
మేస్త్రిగారూ, నిన్న మీరు చెప్పినట్టే చేశాం. చిన్నదానిలో నీళ్లు నింపిన పావుగంటకే వెనకవైపు తొమ్మిది రివెట్ల దగ్గర చెమర్చింది. పెద్దదానిలో పగుళ్లు లేవు, కానీ నీళ్లు వదిలే బిరడా ఇత్తడిది. దాని చుట్టూ తెల్లటి పొడి, గీకితే చిన్న చిన్న గుంటలు. అవి రేకు దాటి లోపలికి పోలేదు. ఆ పని ఖర్చు ధరలో తగ్గించమని అడిగి పెద్దదే తీసుకుంటున్నాం. ఒడ్డుకు లాగడానికి కింద దొర్లించే గుండ్రటి దుంగలు మా బావమరిది సిద్ధం చేస్తున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకు ఎలాగూ వేట నిషేధం కాబట్టి, బిరడా మార్చడం, అల్యూమినియానికి బదులు తాను కరిగిపోయే జింక్ ముక్క బిగించడం ఆ రోజుల్లోనే పూర్తి చేస్తాం.